దిగేసరికి ఎంత పడ్తది?

విశ్వేశ్వర్ సేటు తన జన్మలో ఏ వస్తువునూ "ఎంత?" అని అడిగి ఎరగడు. "దిగేసరికి ఎంత పడ్తది?" అనే అడిగాడు. సంగారెడ్డి గంజ్‌లో పప్పులు, ఎండుమిర్చి టోకున అమ్మే ఆ మనిషి దృష్టిలో ధర అన్నది సగం అబద్ధం. మూట లారీ ఎక్కాలి, టోలుగేటు దాటాలి, హమాలీ వీపు మీదికి రావాలి, కొట్లో దిగాలి, దిగాక ఎలుకలు తమ వాటా తినాలి. అన్నీ కలిపాక వచ్చిన అంకె ఏదో అదే నిజం.

"ధర చెప్పుడు ఎవ్వనికైన వస్తది. దిగేసరికి ఎంతనో చెప్పు" అనేవాడు. ఆ మాటకు జవాబు చెప్పలేక పారిపోయిన ఏజెంట్లు గంజ్‌లో బోలెడుమంది. ఒక బీమా ఏజెంటయితే పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోతాడు.

ఒకసారి ఆయన భార్య ఆదిలక్ష్మి పటాన్‌చెరు పోయి మామిడిపండ్లు చవకగా దొరికాయని మురిసిపోతూ తెచ్చింది.

"కిలో నలభై!" అంది.

"దిగేసరికి?"

"దిగేసరికి కూడ నలభయ్యే. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ."

"బస్టాండు నుంచి ఇంటికి ఆటో ఫ్రీనా? వానితోటి లొల్లి పెట్టుకున్నవా?"

"పెట్టుకోకుంట ఎట్లుంట? ఇరవై ఎక్కువ అడిగిండు."

"ఆటో కిరాయి, ఒక బీపీ గోలీ. మెత్తవడ్డ పండ్లు ఎన్ని? టెంకలు తీసేస్తే కండ ఎంత?" ఆయన పప్పు బిల్లు వెనక లెక్క వేసి, కిలో తొంభై ఆరుకు దిగిందని తేల్చాడు. అంతటితో ఆగినా బాగుండేది. తినేటప్పుడు ఒక్కో ముక్కా ఎత్తి, "ఇది ఏడు రూపాయల ముక్క, ఇది తొమ్మిది" అంటూ నోట్లో వేసుకున్నాడు. ఆదిలక్ష్మి పళ్ళెం లాగేసుకుని, "ఇగ నువ్వు లెక్కనే తిను" అని మిగిలినవి తానే తినేసింది.

కొడుకు పెళ్ళిచూపుల్లో కూడా అంతే. అంతా కుదిరింది, తాంబూలాలు మార్చుకోబోతుంటే సేటు గొంతు సవరించుకున్నాడు. "పెద్దమనుషులు ఏమనుకోవద్దు. పిల్ల మా ఇంట్ల దిగేసరికి, తోడుగ ఎందరు దిగుతరు?" పెద్దలంతా ముఖాలు చూసుకుంటుంటే పెళ్ళికూతురే జవాబు చెప్పింది. "ఇద్దరు తమ్ముళ్ళు మామయ్యా. ఆదివారం ఆదివారం దిగుతరు." ముందే చెప్పి దించే సరుకు మంచి సరుకని సేటు ఆ క్షణమే ఒప్పేసుకున్నాడు.

కారు కొనాలని మాత్రం ఇరవై రెండేళ్ళ నుంచి అనుకుంటున్నాడు. ఏటా దసరాకు షోరూం మెట్లెక్కుతాడు. బీమా, పెట్రోలు, డ్రైవరు, అడిగి తీసుకుపోయే చుట్టాలు, తీసుకుపోయి గీత పెట్టి తెచ్చే చుట్టాలు, అన్నీ కలిపి చూసుకుని మెట్లు దిగుతాడు. బయట నిలబెట్టిన మోపెడ్ ఎక్కి ఇంటికొస్తాడు.

ఈ కొట్లో మూడేళ్ళుగా బిల్లులు రాస్తున్నది సునంద. కొండాపూర్ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. సేటు ఆమెను బిడ్డా అంటాడు, ఆమె బిల్లులో రూపాయి తేడా వస్తే మాత్రం బిడ్డనని కూడా చూడడు. ఆమె భర్త కుమార్ గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసేవాడు. ఏడాదిన్నర కిందట ఒక కంపెనీ వాళ్ళు టాంజానియాలో గోలీల ఫ్యాక్టరీ పెట్టి, చెయ్యి తిరిగినవాళ్ళను ఏరుకుంటూ కుమార్‌ను మూడేళ్ళ ఒప్పందం మీద తీసుకుపోయారు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి రెండేళ్ళు.

సునంద బెంగను నలుగురిలో చెప్పుకునే మనిషి కాదు. కానీ సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు ఊరి మలుపులో హారన్ కొడితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. దిగేవాళ్ళలో కుమార్ ఉండడని ఆమెకు తెలుసు. అయినా చివరి మనిషి దిగి, బస్సు తలుపు మూసుకునేదాకా చూసేది. ఆ తర్వాత కాసేపు ఎవరు పలకరించినా ఆమెకు వినపడేది కాదు. మొగుడు కావాలి, అంతే. ఆమె కోరికలో ఇంకే మెలికా లేదు.

కుమార్ ఆదివారం ఫోన్ చేసేవాడు. ఆ ఇంట్లో ఫోన్ అంటే స్పీకరే. అత్త సోమమ్మ ఒక పక్క, కుమార్ అన్న చిన్నరాములు ఒక పక్క, అప్పుడప్పుడు పక్కింటి వాళ్ళు ఇంకో పక్క. కుమార్ మొదటినుంచీ సిగ్గరి. అంతమంది వింటుంటే పెళ్ళాంతో ఏం మాట్లాడాలో తెలియక కారు గురించి మాట్లాడేవాడు. పోయే ముందు సెకండ్ హ్యాండులో ఒక తెల్ల చిన్నకారు కొని, సునంద పేరు మీదే రిజిస్ట్రేషన్ చేయించాడు. దాన్ని స్టార్టు చేసి, ఆ చప్పుడు వీడియో తీసి పంపడం ఆమె వారంవారం పని.

"కారు స్టార్ట్ చేసినవా?"

"చేసిన."

"టైర్ల గాలి?"

"ఉన్నది."

"ఎండకు పెట్టకు. మొన్న వీడియోల ఇంజన్ జెర దగ్గినట్టు వినిపించింది."

"అది ఇంజన్ కాదు. నేను దగ్గిన."

"గోలీ ఏసుకున్నవా?" అన్నాడు కుమార్, మెల్లగా. అంతలోనే చిన్నరాములు ముందుకు వంగి, "ఇంజన్ ఆయిల్ మార్పియ్యమంటవా తమ్మీ?" అని దూరాడు. ఆ వారమంతటికీ సునందకు దక్కింది ఆ గోలీ మాట ఒక్కటే. దాన్నే తలుచుకుంటూ మళ్ళీ ఆదివారం దాకా గడిపింది.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం కుమార్ హుషారుగా ఫోన్ చేశాడు. "అన్నా, ఈడ మన కారు అసువంటి పాత చిన్నకారు నాలుగు లక్షలు పలుకుతున్నది! మన దగ్గర లక్షా ఇరవై వస్తే ఎక్కువ. ఈడ కూడ స్టీరింగు కుడిపక్కనే. ఓడల ఎక్కించి పంపుండ్రి, అమ్ముత." తర్వాత కొంచెం తడబడి, "మిగిలిన పైసలతోటి సునందను పిలుచుకుంట" అన్నాడు.

ఆ మాట అందరి ముందే అన్నాడు. సునంద లోపలికి పోయి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

చిన్నరాములు ఊరుకోలేదు. ఫారిన్ పోయే కారు గీతలతో పోతే ఊరి పరువేం కావాలి? పటాన్‌చెరు తీసుకుపోయి పద్దెనిమిది వేలు పెట్టి ఎర్రరంగు వేయించాడు. సీట్లకు కొత్త తొడుగులు, చక్రాలకు మెరిసే పళ్ళేలు, ఎక్కడ నొక్కినా మోగే హారను పెట్టించాడు. సోమమ్మ ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. ఓడల సంగతి ఎవరికి తెలుసని ఆరా తీస్తే ఊరందరూ ఒకటే పేరు చెప్పారు. విశ్వేశ్వర్ సేటు వయసులో ఉండగా బొంబాయి రేవులో, ఎగుమతి దిగుమతుల కాయితాలు రాసే ఆఫీసులో మూడేళ్ళు గుమాస్తా చేశాడు.

కారు కొట్టు ముందు ఆగింది. సేటు చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవరురా దీనికి పెండ్లి చేసింది?"

"నేనే సేటూ. ఫారిన్ పోతున్నది గదా" అన్నాడు చిన్నరాములు.

"పోవుడు సరే. దిగేసరికి ఎంత?"

"దిగుడేంది సేటు, ఓడ కిరాయి కడ్తం, దిగుతది."

విశ్వేశ్వర్ సేటు ముఖంలో వెలుగు వచ్చింది. అంత అమాయకమైన జవాబు ఆయన చాలాకాలంగా వినలేదు. ఒక పప్పు బిల్లు తిరగేసి, పెన్ను తీసి, పీట జరుపుకున్నాడు.

"రాసుకో బిడ్డా" అన్నాడు సునందతో. "ముందు మన దిక్కు. బండి దేశం దాటుతున్నదని ఆర్టీఏ కాయితం. ఈడికెళ్ళి బొంబాయి దాక లారీ. రేవు ఖర్చు. ఓడ కిరాయి, సముద్రంల మునిగితే బీమా. ఇవన్నీ బండి ధరల కలుపు. ఇగ ఆడ దిగింది. కలిపిన మొత్తం మీద దిగుమతి సుంకం."

"బండి ధర తక్కువ రాస్తే?" చిన్నరాములు గొంతు తగ్గించాడు.

"నువ్వు రాసిన ధర వాళ్ళు నమ్ముతరా? వాళ్ళ దగ్గర పట్టిక ఉంటది. ఫలాన బండి, ఫలాన సంవత్సరం, గింత విలువ. నువ్వు పుణ్యానికి ఇచ్చినా విలువ వాళ్ళదే. పైంగ గింత మెరిసే బండి దింపి, ఇది తుక్కని చెప్తే నవ్వుతరు."

"పాతదే గదా సేటూ, పాతదని చెప్తం."

"పాతదంటే పాతదానికి వేరే పన్ను. పాతబండ్లు పొగ పెడ్తయని. కొత్తగ కనిపిస్తే కొత్తదని గుంజుతరు, పాతగ కనిపిస్తే పాతదని గుంజుతరు." సేటు ఆనందంగా గీత కొట్టాడు. "ధర మీద సుంకం. ధర, సుంకం కలిపి దాని మీద ఇంకో పన్ను. ఆ మూడు కలిపి దాని మీద అమ్మకం పన్ను. పన్ను మీద పన్ను పడ్తదిరా, ఒట్టి సరుకు మీదనే కాదు. ఆఖరికి ఆడి నంబరు పలక, ఆడి ఏజెంటు. ఎంతయింది బిడ్డా?"

సునంద కూడింది. నమ్మలేక మళ్ళీ కూడింది. "నాలుగు లక్షల ముప్పై వేలు" అంది.

"అమ్ముడుపోయేది?"

"నాలుగు లక్షలకు."

"ఆ నాలుగు లక్షలు కారు ధర కాదురా చిన్నరాములూ. పన్ను ధర. నీ తమ్ముడు పన్నును చూసి లాభమనుకున్నడు."

చిన్నరాములు మెరిసే చక్రాల వైపు చూసి, వంగి ఒక పళ్ళెం మీది దుమ్ము తుడిచాడు. సునంద పెన్ను మూసింది. లెక్క తప్పయితే బాగుండునని ఆమె తన బతుకులో మొదటిసారి కోరుకుంది. ఇంకా ఏడాదిన్నర. ఇంకా డెబ్బై ఎనిమిది ఆదివారాలు. ఆ అంకె ఆమెకు ఎవరూ అడగకుండానే వచ్చేసింది.

"ఇంకో దారి లేదా సేటూ?" అంది.

సేటు కళ్ళద్దాల మీదుగా ఆమెను చూశాడు. "ఉన్నది. పన్ను పడకుంట దించే దారి ఒకటి ఉన్నది. గాని కాయితాలు కావాలె. బండి ఎవరి పేరు మీదున్నదో వాళ్ళకు పాస్‌పోర్టు ఉండాలె."

"నాకు లేదు."

"తెచ్చుకో. రేపు నాగా పెట్టు. జీతం కొయ్య."

జీతం కోయనన్న మాటకే ఆమె అనుమానపడాల్సింది. కానీ ఆశ పడ్డ మనిషి ప్రశ్నలు తగ్గించుకుంటుంది. అప్లికేషన్ పెట్టింది, వేలిముద్రలు ఇచ్చింది. విచారణకు కానిస్టేబుల్ ఊరికి వచ్చి, "ఎక్కడికి పోతున్నవమ్మా?" అని అడిగాడు.

"నేను పోను సార్. కారు పోతది."

కానిస్టేబుల్ కాయితం వైపు చూశాడు, ఎర్రకారు వైపు చూశాడు, దానికి కట్టిన నిమ్మకాయల వైపు చూశాడు. "ఇరుగుపొరుగు విచారణల కారు ప్రవర్తన మంచిగనే ఉన్నదా?" అని నవ్వుకుంటూ సంతకం పెట్టించుకుని పోయాడు.

పాస్‌పోర్టు వచ్చాక ఇంకో షరతు పెట్టాడు సేటు. నారాయణగూడ పోయి, ఆ దేశాలకు పోయేవాళ్ళకిచ్చే పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, సూది వేయించుకోవాలట.

"కారు పోతే నాకు సూదెందుకు సేటూ?"

"కారుకు పొడువరాదు గనుక."

ఆదిలక్ష్మి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. సునంద సూది వేయించుకుని, రెండు రోజులు చెయ్యి నొప్పితో మిర్చి బిల్లులు రాసింది. ఏదో జరుగుతున్నదని ఆమెకు తోచకపోలేదు. కానీ అది ఏమిటో తేల్చుకుంటే కాదేమోనని భయమేసి, తేల్చుకోలేదు.

వానలు మొదలైన వారంలో, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, సేటు ఆమెను పిలిచి ఒక కాయితం ముందు పెట్టాడు. ఆదిలక్ష్మి చాయ్ పట్టుకుని అక్కడే నిలబడింది.

"లెక్క దిగింది. చదువు."

సునంద పైకే చదివింది. "సరుకు, సునంద. రవాణా, విమానం టికెట్టు. దిగుమతి సుంకం, లేదు. పాతదనం పన్ను, లేదు. అమ్మకం పన్ను..." అక్కడ ఆగింది.

"అమ్మెటిది కాదు గనుక లేదు" అన్నాడు సేటు. "వీసా, సూది, పాస్‌పోర్టు, దారి ఖర్చు అన్ని కలిపిన. మొదలు మూడు నెలల వీసా మీద పోతవు, ఆడ దిగినంక మిగిలిన కాయితం మీ ఆయన కంపెనీ చూస్తది. మొత్తం దిగేసరికి డెబ్బై రెండు వేలు. కారుకు నాలుగు లక్షల ముప్పై వేలు, నీకు డెబ్బై రెండు. పన్నున్న సరుకును దించి, పన్ను లేని సరుకును ఇంట్ల పెట్టుకునే ఏపారం నేను ఏడ చూడలే."

సునందకు కాయితం మీద అక్షరాలు కనబడలేదు. "గా పైసలు కూడ ఇప్పటికిప్పుడు ఏడియి సేటూ?"

"కారు అమ్ము."

"ఎవరు కొంటరు?"

"నేను కొంట. ఎంతంటున్నడు మీ బావ?"

"లక్షా ముప్పై ఎనిమిది. రంగుతోటి కలిపి."

"సరే" అన్నాడు విశ్వేశ్వర్ సేటు.

ఆదిలక్ష్మి తర్వాతి మాట కోసం ఎదురుచూసింది. అది రాలేదు. ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జరమొచ్చిందా నీకు?"

"మంచిగున్న."

"మరి అడుగవా?"

"అడుగ" అన్నాడు సేటు. కళ్ళద్దాలు తీసి, తుడవాల్సిన పని లేకపోయినా తుడుచుకున్నాడు. "బిడ్డా, పెండ్లయిన ఆర్నెల్లకు నేను బొంబాయి పోయిన. ఈమెను పిలుచుకోవాలని దినాం లెక్క ఏసేటోణ్ణి. ఉండెటందుకు ఖోలీ కిరాయి, స్టవ్వు, రైలు టికెట్టు. దినాం ఏదో ఒకటి ఎక్కువ పడేది. వచ్చే నెల చూద్దామనేటోణ్ణి."

"ఎట్లయినా సరే వస్తనని నేను ఉత్తరం రాసిన" అంది ఆదిలక్ష్మి. "జవాబుల ఖోలీ కిరాయి లెక్క రాసి పంపిండు. ప్రియమైన అని కూడ లేదు."

"మూడేండ్లు లెక్క సరిచేసుకుంట కూసున్న. ఈమె దిగనే లేదు. అప్పటిసంది ఏది చూసినా దిగేసరికి ఎంతని అడుగుతున్న గాని, అసలు అడుగాల్సింది అప్పుడు అడుగలే. దిగకుంటే ఎంత పడ్తదని."

ముప్పై అయిదేళ్ళుగా ఆ మనిషి మీద దాచుకున్న ఒక కోపం ఆదిలక్ష్మికి వెతికినా దొరకలేదు. చల్లారిన చాయ్ తీసుకుని, వేడిచేసి తెచ్చి ఇచ్చింది.

అట్లా విశ్వేశ్వర్ సేటు వాకిట్లోకి ఇరవై రెండేళ్ళ తర్వాత కారు వచ్చింది. ఆయనకు నడపడం రాదు. సాయంత్రాలు కొట్టు కట్టేశాక ఆదిలక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని, కదలని కారులో చాయ్ తాగుతుంటాడు. చిన్నరాములు శనివారాలు వచ్చి నేర్పిస్తున్నాడు. ఇప్పటిదాకా ఒక గోడ, రెండు పూలకుండీలు పోయాయి.

ఆ ఆదివారం కుమార్ ఫోన్ చేశాడు. యథాప్రకారం స్పీకరు, యథాప్రకారం జనం.

"కారు స్టార్ట్ చేసినవా?"

"అమ్మేసిన" అంది సునంద.

"ఏంది?"

"అమ్మేసిన. నాకు టికెట్టు తీసుకున్న. వచ్చే నెల ఇరవై ఆరు నాడు పొద్దుగాల దిగుతున్న. రావాలె, నాకు ఆడ దారి తెల్వదు."

చిన్నరాములు ఫోన్ ఎత్తి, "లైన్ పోయినట్టుంది" అని ఊపాడు. పోలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి కుమార్ గొంతు వచ్చింది, ఎప్పుడూ వినని గొంతు. "సునందా, నిజంగనా? నా మీద ఒట్టు పెట్టి చెప్పు. నాకు ఈడ అన్నం సయిస్తలేదు సునందా."

వాకిట్లో పక్కింటామె గొంతు సవరించుకుంది. చిన్నరాములు టైర్ల గురించి ఏదో మొదలుపెట్టబోయాడు. సోమమ్మ పెద్దకొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఎక్కడ నొక్కాలో తెలియక నాలుగు చోట్ల నొక్కి, చివరికి స్పీకరు ఆపి కోడలి చేతిలో పెట్టింది.

"లేవుండ్రి, లేవుండ్రి అందరు. ఏం సినిమానా ఇది?" అని ఒక్కొక్కరినీ వాకిట్లోంచి తరిమింది.

సునంద ఫోన్ చెవికి ఆనించుకుని పశువుల కొట్టం వెనక్కి పోయింది. గంటంబావు సేపు రాలేదు. ఏం మాట్లాడుకున్నారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. చిన్నరాములు ఒక్కడే ధైర్యం చేసి గోడ వారగా పోయి చెవి పెట్టాడు గానీ, అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అరిచేసరికి వెనక్కి వచ్చేశాడు.